సీలు మార్చమనే ముందు

కారు బయటికి తీశాక పార్కింగ్ గచ్చు మీద అరచేయంత మరక కనిపిస్తుంది, ముందు చక్రానికి కాస్త లోపలగా. చాలామంది వెంటనే దాన్ని ఫొటో తీసి మెకానిక్‌కి వాట్సాప్ చేస్తారు. జవాబూ అంతే వేగంగా వస్తుంది: "యాక్సిల్ సీల్ పోయింది సార్, బండి షెడ్డుకి పంపండి." అది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. ఫొటోలో నూనె రంగు సరిగా తెలియదు, వాసన అసలే తెలియదు, అది ఏ ఎత్తు నుంచి దిగిందో అంతకన్నా తెలియదు. అందుకని సీలు మార్చమని చెప్పే ముందు మీకు మూడు సంగతులు తేలాలి. కారుతున్నది ఏమిటి, ఎక్కడి నుంచి, ఎందుకు. మొదటి రెండూ మీరే ఇంటి ముందు తేల్చుకోవచ్చు, పెద్ద ఖర్చేమీ ఉండదు. మూడోది మాత్రం మెకానిక్ చేత తేల్పించాలి. చాలా షెడ్లలో దాటేసేది దాన్నే. అందుకే కొత్త సీలు వేయించుకున్న బండి కింద ఆరు నెలలకే మళ్ళీ మరక పడుతుంది.

అంబాసిడర్, పద్మిని రోజుల్లో ఇంజను ముందుండేది, బండిని లాగే చక్రాలు వెనకుండేవి, మధ్యలో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన చిన్న కార్లలో ఆ పొడవాటి షాఫ్టు పని క్రమంగా అయిపోయింది. ఇవాళ ఆల్టో, స్విఫ్ట్, ఐ20, టియాగో ఏది తీసుకున్నా ఇంజను అడ్డంగా ఉంటుంది, దాని పక్కనే గేర్ బాక్సు, గేర్ బాక్సు కడుపులోనే డిఫరెన్షియల్. అక్కణ్ణుంచి ఎడమకొకటి, కుడికొకటి రెండు డ్రైవ్ షాఫ్టులు ముందు చక్రాలకు వెళ్తాయి. షాఫ్టు గేర్ బాక్సులోకి దూరే చోట ఒక గుండ్రటి ఆయిల్ సీల్ కొట్టి ఉంటుంది, మెకానిక్ యాక్సిల్ సీల్ అనేది దీన్నే. బయట ఇనుప రింగు, లోపల రబ్బరు. ఆ రబ్బరు లిప్పు షాఫ్టు మీది నున్నటి భాగాన్ని చుట్టూ ఒత్తుకుని ఉంటుంది. పట్టు సడలకుండా లిప్పు వెనక సన్నటి స్ప్రింగు ఒకటి. బండి నడిచినంతసేపూ షాఫ్టు ఆ రబ్బరుకు రాసుకుంటూనే తిరుగుతుంది, లోపలి నూనె మాత్రం బయటికి రాకూడదు. ఇన్నేళ్ళపాటు అది నిలవడమే నా దృష్టిలో గొప్ప.

కారుతున్నది ఏమిటి

రాత్రి బండి కింద తెల్లటి అట్టముక్క పరచండి. పొద్దున్నే దాని మీద పడిన చుక్కను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్ది, వాసన చూడండి. మాన్యువల్ గేర్ బాక్సు నూనె చిక్కగా, తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది. దాన్ని పట్టించేది వాసనే. గేరు పళ్ళు ఒత్తిడికి అరగకుండా అందులో గంధకం కలిసిన రసాయనాలు వేస్తారు కాబట్టి ముక్కు చిట్లించుకునేంత ఘాటుగా ఉంటుంది, ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు. ఇంజన్ ఆయిల్‌కి ఆ ఘాటు లేదు. డీజిల్ బండిలోదైతే మార్చిన కొద్ది రోజులకే నల్లబడిపోతుంది కూడా. ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ పల్చగా ఉంటుంది, కొత్తలో చాలావరకు ఎర్రగా, వాడేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అది మాడు వాసన వేస్తే లీకేజీ ఒక్కటే కాదు, లోపలి క్లచ్ ప్లేట్ల సంగతి కూడా ఆలోచించాలి.

నీళ్ళలా పల్చగా ఉండి వేళ్ళ మధ్య జారిపోతూ ఉంటే, చక్రం లోపలి వైపు తడిగా ఉంటే, ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మట్టం చూడండి. తగ్గి ఉంటే బండి కదపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. ఎండాకాలంలో ఏసీ వేసుకుని వచ్చి ఆపిన బండి కింద ఉత్త నీళ్ళు పడితే కంగారు లేదు.

యాక్సిల్ సీల్ అని పొరబడేవాటిలో మరొకటి గ్రీజు. డ్రైవ్ షాఫ్టు రెండు చివరలా జాయింట్లు ఉంటాయి, వాటి మీద ముడతలు ముడతలుగా రబ్బరు బూట్లు, లోపల నల్లటి గ్రీజు. బూటు చిరిగితే షాఫ్టు తిరిగే వేగానికి గ్రీజు చిమ్ముతుంది. అది గచ్చు మీద చుక్కగా పడటం తక్కువ. చక్రం లోపలి ముఖం మీద, చుట్టుపక్కల ఇనుము మీద, షాఫ్టు ఎత్తులోనే వరసగా నల్లటి ముద్దలు అంటుకుని ఉంటాయి. గేర్ ఆయిల్‌తో దీనికి సంబంధం లేదు. బూటు చిరిగిన కొత్తలోనే మారిస్తే బూటు, గ్రీజు ఖర్చుతో పోతుంది. దుమ్మూ నీళ్ళూ లోపలికి పోయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని చప్పుడు మొదలయ్యాక వెళ్తే జాయింటే మార్చాలి.

ఎక్కడి నుంచి

స్లాబు కారే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు: తడి మరక హాల్లో ఉంటుంది, బీట ఎక్కడో వంటింటి మీద ఉంటుంది. కారు కింద ఇంకో చిక్కుంది. నూనె కిందికి దిగడమే కాదు, బండి పరుగులో గాలికి వెనక్కి కూడా పాకుతుంది. అందుచేత తడి అన్నిటికన్నా ఎత్తులో, అన్నిటికన్నా ముందుకు ఎక్కడ మొదలైందో వెతకాలి. బొట్టు రాలే చోటు మనకు అక్కర్లేదు. కొత్త కార్లకు అడుగున బిగించే ప్లాస్టిక్ పళ్ళేలంటే నాకు ఇందుకే పడదు. నూనె వాటిలో పడి, పారి, ఎక్కడో ఒక కన్నంలోంచి కారుతుంది. అలాంటిది ఉంటే విప్పించాకే వెతుకులాట మొదలుపెట్టాలి.

నెలల తరబడి నూనెలో దుమ్ము కలిసి పేరుకుపోయిన గేర్ బాక్సును టార్చి వేసి ఎంత చూసినా ఏమీ తేలదు. ముందు కడగాలి. ఇంజను చల్లారాక కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో గానీ డీగ్రీజర్‌తో గానీ గేర్ బాక్సు కింది భాగం, షాఫ్టు దూరే చోటు, ఇంజనూ గేర్ బాక్సూ కలిసే అతుకు శుభ్రం చేసి, పొడి గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. వాటర్ సర్వీసింగ్ వాళ్ళ గన్నుతో కొట్టించేటట్టయితే కరెంటు కనెక్టర్ల మీద, గేర్ బాక్సు పైనుండే చిన్న గాలి గొట్టం మీద ధార పడకుండా చూసుకోండి. ఆ గొట్టం సంగతి మళ్ళీ వస్తుంది. ఆరాక షాఫ్టు చుట్టూ, అతుకు మీద మామూలు టాల్కం పౌడరు పల్చగా చల్లి, ఒక పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పుకు రండి. వీధి చివరిదాకా వెళ్ళి రావడం చాలదు. నూనె వేడెక్కాలి, షాఫ్టులు వేగంగా తిరగాలి.

తిరిగొచ్చాక స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం వెనక సందులోంచి చూడండి. తల పట్టకపోతే ఫోనులో టార్చి వెలిగించి వీడియో తీయండి. జాకీ మీద లేపిన బండి కింద మాత్రం తల పెట్టకండి. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి స్టాండ్లు వేరే ఉంటాయి.

పౌడరు షాఫ్టు చుట్టూ వలయంలా తడిసి, ధార అక్కణ్ణుంచి కిందికి దిగుతుంటే అది యాక్సిల్ సీలే. ఎడమదా కుడిదా రాసి పెట్టుకోండి. షాఫ్టు చుట్టూ పొడిగానే ఉండి, ఇంజనూ గేర్ బాక్సూ కలిసే అతుకు అడుగున తడి ఉంటే కథ వేరు. అక్కడ కారేది ఇంజను వెనకవైపు క్రాంక్ సీలు గానీ గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు గానీ కావచ్చు. రెంటిలో దేనికైనా గేర్ బాక్సు దించాల్సిందే, లోపల క్లచ్ ప్లేటుకు నూనె తగిలే ప్రమాదమూ ఉంది. ఇక పైనుంచి వచ్చేవి: గేరు మార్చే కడ్డీ దగ్గరి చిన్న సీలు, రివర్స్ లైటు స్విచ్, స్పీడ్ సెన్సర్ రింగు. ఇవి కారితే నూనె గేర్ బాక్సు ఒళ్ళంతా పాకి, సరిగ్గా షాఫ్టు దగ్గరే బొట్టు కట్టవచ్చు. డ్రెయిన్ ప్లగ్గు వాషరు కూడా చూడండి. కొద్ది రూపాయల వాషరు పోయిన బండికి సీలు మార్చేసి బిల్లు ఇచ్చే అవకాశం లేకపోలేదు.

ఎందుకు

సీలు పోయిందని తేలింది. మరి ఎందుకు పోయింది? పదేళ్ళ బండి అయితే జవాబు తేలిక. రబ్బరు వేడికి గట్టిపడుతుంది. పాత సీలు ఊడదీశాక లిప్పును గోటితో వంచి చూడండి, వంగకుండా పటుక్కున పగిలితే దాని ఆయుష్షు తీరినట్టే. రెండు మూడేళ్ళ బండి అయితే మాత్రం అంతటితో ఊరుకోకూడదు.

మొదటి అనుమానం ఇటీవల జరిగిన పని మీద. క్లచ్ ప్లేట్లు మార్చాలంటే చాలా కార్లలో గేర్ బాక్సు దించాలి, దించాలంటే డ్రైవ్ షాఫ్టులు లాగాలి. తిరిగి దూర్చేటప్పుడు షాఫ్టు చివర ఉన్న గాడి పళ్ళు లిప్పుకు రాసుకున్నా చాలు, చిన్న కోత పడుతుంది. ఆ కోత ఆ రోజే బయటపడదు, కొన్నాళ్ళకు మరకగా బయటపడుతుంది. క్లచ్ పని చేయించిన కొద్ది నెలల్లో లీకేజీ మొదలైతే ఆ షెడ్డుకే పాత బిల్లు పట్టుకుని వెళ్ళండి. క్లచ్ కోసం ఎలాగూ షాఫ్టులు లాగుతున్నప్పుడు రెండు సీళ్ళూ కొత్తవి వేయమని ముందే చెప్పడం ఇంకా మంచిది. అప్పుడు అయ్యేది సీళ్ళ ఖరీదే, తర్వాత మళ్ళీ లాగించాలంటే కూలీ మొత్తం మొదటినుంచీ.

రెండోది గాలి గొట్టం, అంటే బ్రీదర్. గేర్ బాక్సు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది బయటికి పోవడానికి పైన ఒక చిన్న టోపీ గానీ రబ్బరు గొట్టం గానీ ఉంటుంది. వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళలో దిగిన బండికి, పొలం బాటల్లో తిరిగే బండికి అది బురదతో మూసుకుపోవచ్చు. అప్పుడు లోపలి ఒత్తిడికి నూనె ఎక్కడ సందు దొరికితే అక్కడ తోసుకుని వస్తుంది. అన్నిటికన్నా మెత్తటి చోటు సీలు లిప్పే కదా. రెండు పక్కలా ఒకేసారి కారుతుంటే సీళ్ళ జోలికి పోయేముందు దీన్ని చూడాలి. టోపీని చేత్తో తిప్పి, గొట్టమైతే ఊది, బురద తీసేస్తే ఒక్కోసారి లీకేజీ అక్కడితో ఆగిపోతుంది. నూనె మట్టానికి మించి పోసినా ఇలాంటి ఇబ్బందే వస్తుంది.

మూడోది షాఫ్టు. పెద్ద ఊళ్ళో అయినా పల్లెలో అయినా మంచి మెకానిక్‌ను నేను గుర్తుపట్టేది ఇక్కడే. షాఫ్టు బయటికి తీయగానే అతను సీలు కొట్టే హడావిడిలో పడడు. గుడ్డతో షాఫ్టు తుడిచి, సీలు రాసుకునే నున్నటి భాగం మీద గోరు అడ్డంగా పెట్టి మెల్లగా లాగుతాడు. అన్నేళ్ళు ఒకేచోట రాసుకున్న రబ్బరు, మధ్యలో చేరిన సన్నటి దుమ్ము కలిసి ఉక్కులో కూడా గాడి కోస్తాయి. కంటికి మెరిసే గీతలా కనిపిస్తుంది. గోరు అందులో తట్టుకుంటే ఆ షాఫ్టు మీద ఎంత కొత్త సీలు వేసినా నిలవదు. వీలుంటే సీలును ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెట్టి లిప్పు గాడి పక్కన పడేలా చూస్తారు. లేకపోతే ఆ నున్నటి భాగం ఉన్న లోపలి జాయింటు మార్చడమే. షాఫ్టు తీయకముందే దాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడించడం కూడా ఈ పరీక్షలో భాగం. కాస్త కదలిక సహజం. రెండో పక్క షాఫ్టుకన్నా బాగా ఎక్కువగా ఊగుతుంటే డిఫరెన్షియల్ బేరింగు అనుమానించాలి, సీలు దానికి బలైపోయిందంతే.

అంతదాకా బండి నడపొచ్చా

గచ్చు మీద పడిన చుక్కలు లెక్కపెట్టి ధైర్యం తెచ్చుకోకండి. సీలు ఎక్కువగా కారేది బండి పరుగులో, నూనె వేడిగా పల్చబడి ఉన్నప్పుడు. అదంతా రోడ్డు మీదే పోతుంది. ఆపాక పడేది మిగిలిన తడి. కాబట్టి కొలత గచ్చు మీద కాదు, గేర్ బాక్సులో. చాలా మాన్యువల్ గేర్ బాక్సులకు డిప్ స్టిక్ ఉండదు. పక్కన ఫిల్లర్ ప్లగ్గు ఉంటుంది, సమతలం మీద నిలిపిన బండికి ఆ కన్నం కింది అంచు దాకా నూనె ఉంటే సరైన మట్టం. ప్లగ్గు విప్పి చిటికెన వేలు వంచి లోపల పెడితే నూనె తగలాలి. తగలకపోతే నింపాకే బండి తీయండి. చిన్న కార్లలో మొత్తం పట్టేదే రెండు లీటర్ల అటూ ఇటూ. అందులో అర లీటరు పోవడం చిన్న సంగతి కాదు. సీలు చుట్టూ చెమర్చినట్టు తడి ఉండి, బొట్టు రాలకుండా ఉంటే మాత్రం తొందర లేదు, వచ్చే సర్వీసింగ్ దాకా కనిపెట్టి ఉండండి.

ఆటోమేటిక్, సీవీటీ బండ్లకు ఈ వెసులుబాటు ఇవ్వను. వాటిలో నూనె గేర్లను తడపడంతో ఊరుకోదు, ఒత్తిడితో క్లచ్‌లను, పుల్లీలను నడిపేదే అది. మట్టం తగ్గితే గేరు పడటం ఆలస్యమవుతుంది, జారుతుంది, ఆపై వచ్చే బిల్లు సీలు ఖరీదుతో పోల్చేది కాదు.

డబ్బాల్లో అమ్మే 'లీక్ స్టాప్' మందులు రబ్బరును ఉబ్బేలా చేస్తాయి. గట్టిపడ్డ సీలు కొంతకాలం కారడం తగ్గొచ్చు. కోతపడ్డ లిప్పును, గాడిపడ్డ షాఫ్టును అవేమీ చేయలేవు. ఇక షాఫ్టు చుట్టూ బయట సిలికాన్ గమ్ము రాసే మెకానిక్‌కు దణ్ణం పెట్టి వచ్చేయండి. తిరిగే షాఫ్టుకు గమ్ము ఎక్కడ అతుక్కుంటుంది?

పని జరిగేటప్పుడు

మీరే చేసినా, పక్కన నిలబడి చేయించినా తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. నూనె దించేముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పి చూడాలి. కింది ప్లగ్గు విప్పి నూనంతా వదిలేశాక పై ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కూర్చుంటుంది. సీలు కోసం హబ్ నట్టు విప్పాల్సిన అవసరం చాలా కార్లలో రాదు. కింది బాల్ జాయింటు విడదీసి, హబ్బును షాఫ్టుతో సహా బయటికి జరిపితే లోపలి చివర రావడానికి చోటు దొరుకుతుంది. అప్పుడు బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ సాగకుండా చూసుకోవాలి. షాఫ్టును నడుం దగ్గర పట్టుకుని గుంజితే లోపలి జాయింటు ఊడి చేతికొస్తుంది. గేర్ బాక్సు అంచున రాడ్డు ఆనించి జాయింటును నెట్టాలి, దాన్ని లోపల పట్టి ఉంచే సర్క్లిప్పు వదిలి టక్కున బయటికి వస్తుంది. వచ్చిన షాఫ్టును వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. రెండు పక్కలా మార్చేటట్టయితే ఒకటి పూర్తిచేశాకే రెండోది. రెండూ ఒకేసారి లాగితే కొన్ని గేర్ బాక్సుల్లో లోపలి గేర్లు పక్కకు తిరిగిపోయి, షాఫ్టు మళ్ళీ దూరదు.

పాత సీలు తీయకముందే అది ఎంత లోతున కూర్చుందో కొలిచి పెట్టుకోవాలి. దాని మీద చెక్కిన అంకెలు కొత్తదానితో కలిపి చూడండి. ఎడమ కుడి సీళ్ళు ఒకటి కాకపోవచ్చు, కొన్నిటి మీద షాఫ్టు ఎటు తిరగాలో బాణం గుర్తు కూడా ఉంటుంది. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, అంటే నూనె వైపు. లిప్పుకు గేర్ ఆయిల్ రాసి, సీలు వెడల్పుకు సరిపోయే సాకెట్టు గానీ పైపు ముక్క గానీ ఆనించి చుట్టూ సమానంగా కొట్టాలి. స్క్రూ డ్రైవర్ పెట్టి ఒక్కో మూల కొట్టే పద్ధతి కనిపిస్తే ఆపించండి. షాఫ్టు దూర్చేటప్పుడు రెండు చేతులతో సూటిగా పట్టి, గాడి పళ్ళు లిప్పుకు తగలకుండా నడిపించాలి. సర్క్లిప్పు కొత్తది వేస్తే మంచిది. లోపల పడ్డ చప్పుడు వినిపించాక జాయింటు గిన్నెను మెల్లగా వెనక్కి లాగి చూస్తారు, రాకూడదు.

నూనె విషయంలో 'ఏదైనా ఒకటేలే సార్' అనే మాట ఒప్పుకోకండి. మాన్యువల్ గేర్ బాక్సుకు బండి పుస్తకంలో 75డబ్ల్యూ-80 జీఎల్-4 అని ఉంటే అదే పోయాలి. జీఎల్-5 పెద్ద అంకె కాబట్టి మెరుగు అనుకుంటారు. దానిలోని ఘాటు రసాయనాలు కొన్ని గేర్ బాక్సుల్లోని ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు సరిపడవు. ఏఎంటీ బండిలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్ బాక్సే, దానికి గేర్ ఆయిలే పోస్తారు. గేర్లు మార్చే యంత్రానికి కొన్నిటిలో వేరే హైడ్రాలిక్ నూనె ఉంటుంది. సీవీటీలో దాని నూనె తప్ప ఇంకేదీ కలపకూడదు. మట్టం చూసే పద్ధతి కూడా ఒక్కో ఆటోమేటిక్‌కు ఒక్కోలా ఉంటుంది. కొన్నిటికి నూనె ఫలానా వేడిలో ఉండగా, ఇంజను నడుస్తుండగా చూడాలి కాబట్టి వాటిని స్కానర్ ఉన్న షెడ్డులోనే చేయించండి. దించిన పాత నూనెను మురిక్కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత నూనె కొనేవాళ్ళకు ఇవ్వమని చెప్పండి.

బిల్లు కట్టేముందు పాత సీలు, పాత సర్క్లిప్పు అడిగి తీసుకోండి. "అన్నా, షాఫ్టు మీద గాడి ఉందా, బ్రీదర్ చూశావా" అని పని మొదలవ్వకముందే అడగండి, పూర్తయ్యాక కాదు. వారం తిరిగాక మళ్ళీ అట్టముక్క పరిచి చూడండి. అంతకుముందు పేరుకున్న నూనె కొన్నాళ్ళు కారుతుంది కాబట్టి పని అయ్యాక ఆ చోటంతా కడిగించుకోకపోతే కొత్త సీలు మీద లేనిపోని అనుమానం వస్తుంది.

బొలెరో లాంటి, వెనక చక్రాలు నడిపే బండ్ల వాళ్ళు ఇదంతా చదివి మా సంగతేమిటి అనుకోవచ్చు. వాటిలో ప్రొపెల్లర్ షాఫ్టు దారిలో చూడాల్సిన చోట్లు రెండు. ప్రొపెల్లర్ షాఫ్టు గేర్ బాక్సు తోకలోంచి బయటికి వచ్చే చోటు ఒకటి, వెనక డిఫరెన్షియల్‌లోకి దూరే చోటు మరొకటి. ప్రొపెల్లర్ షాఫ్టు ముందుకీ వెనక్కీ జారే చివర నేరుగా గేర్ బాక్సులోకే దూరే బండ్లలో, ఆ తోక లోపల దాన్ని మోసే బుష్షు ఉంటుంది. బుష్షు అరిగితే షాఫ్టు ఊగుతుంది, ఊగే షాఫ్టు ఎన్ని సీళ్ళు వేసినా తినేస్తుంది. సీలు మార్చిన కొద్ది నెలలకే అక్కడ మళ్ళీ తడి కనిపిస్తే రెండో సీలు కొనకుండా ఆ బుష్షు చూపించమని అడగండి.